దమ్ము పట్టొద్దు: అండమాన్‌లో మా మొదటి డైవింగ్

అండమాన్ ఫోటోలు చూసి దేవరకొండ దోస్తులు చాలామంది ఒకటే అడుగుతున్నారు, బాయిలో ఈత నేర్చుకున్నోళ్ళకు స్కూబా డైవింగ్ (వీపుకు గాలి సిలిండర్ కట్టుకుని నీళ్ళ కిందికి దిగడం) తేలిగ్గా వస్తదా అని. సగం వస్తుంది. నీళ్ళంటే భయం లేకపోవడం చిన్న విషయం కాదు, అది మనకు మోటబాయి గట్టు మీంచి దుంకిన రోజుల్లోనే పోయింది. మిగతా సగం మాత్రం ఆ ఈతలో ఒంటికి పట్టిన అలవాట్లను వదిలించుకోవడమే, వాటిలో మొదటిది దమ్ము పట్టడం, అంటే ఊపిరి బిగబట్టడం.

నేనూ మా బామ్మర్దీ సాగర్ రోడ్డు మీద మాల్, ఇబ్రహీంపట్నం దాటుకుని శంషాబాద్ చేరి పోర్ట్ బ్లెయిర్ విమానం ఎక్కాం. ఆ ఊరి పేరు 2024లో శ్రీ విజయపురం అని మార్చారు. అక్కడి నుంచి ఓడలో స్వరాజ్ ద్వీప్, అంటే పాత హావ్‌లాక్. మాకు నేర్పిన ఇన్‌స్ట్రక్టర్ తెలుగు మనిషే, తాతల కాలంలో శ్రీకాకుళం నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. అండమాన్‌లో తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. ప్రాణానికి సంబంధించిన జాగ్రత్తలు సొంత భాషలో వింటే ఎంత ధైర్యంగా ఉంటుందో!

"బావుల్లో ఈదినవాళ్ళు కదండీ, మిమ్మల్నే ఎక్కువ కనిపెట్టుకుని ఉండాలి" అన్నాడాయన మొదటి రోజే. ఎందుకో కూడా చెప్పాడు. బాయిలో మనం పైన గాలి పీల్చుకుని మునుగుతాం, కిందికి పోయినకొద్దీ ఊపిరితిత్తుల్లో ఉన్న ఆ గాలి నీటి ఒత్తిడికి నలిగి చిన్నదవుతుంది, పైకి వస్తే మళ్ళీ మొదటంతే అవుతుంది, కాబట్టి దమ్ము పట్టినా ఏమీ కాదు. సిలిండర్‌తో లెక్క వేరు. 10 మీటర్ల లోతులో ఒత్తిడి పైన ఉన్నదానికి రెట్టింపు, సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ ఇచ్చే గాలి కూడా అదే ఒత్తిడితో వస్తుంది. అక్కడ ఛాతీ నిండా పీల్చి, గొంతు బిగించి పైకి వస్తే ఆ గాలి రెట్టింపు చోటు అడుగుతుంది, అంత చోటు లేక ఊపిరితిత్తులు చిరుగుతాయి. లోతు తక్కువే కదా అనుకోవడానికి కూడా లేదు, పైపై నీళ్ళలోనే ఒత్తిడి తేడా ఎక్కువ. అందుకే పీలుస్తూ వదులుతూ ఉండాలి, ఆపొద్దు. రెగ్యులేటర్ నోట్లోంచి తీసి మళ్ళీ పెట్టుకునే ఆ కాసేపు కూడా సన్నగా బుడగలు వదులుతూనే ఉండాలి.

మొదట లోతు లేని నీళ్ళలో మాస్కు పాఠం. కావాలని నీళ్ళు లోపలికి రానిచ్చి, పై అంచును నుదుటికి నొక్కిపట్టి, తల కొంచెం పైకెత్తి ముక్కుతో ఊదితే నీళ్ళు కింది నుంచి బయటికి పోతాయి. బామ్మర్దికి ఒత్తు మీసం, ఆ వెంట్రుకల సందుల్లోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. మీసానికి వాజ్‌లైన్ రాయించారు, చాలావరకు తగ్గింది. "బావా, ముక్కుల్లోకి నీళ్ళు పోంగనే పైకి లేవబుద్ధయితుంది" అన్నాడు. అందరికీ అలాగే అవుతుంది, అందుకే ఆ బుద్ధి పోయేదాకా నిలబడితే తల తేలే నీళ్ళలోనే చేయించారు. ఈ ఒక్క పాఠం కోసమైనా, చెయ్యి పట్టుకుని అలా తిప్పి తీసుకొచ్చే ట్రయల్ డైవ్‌తో సరిపెట్టుకోకుండా పూర్తి ఓపెన్ వాటర్ కోర్సు, అంటే డైవింగ్‌లో మొదటి సర్టిఫికెట్ కోర్సు, చేయమని చెప్తాను.

చెవుల సంగతి. బాయి అడుగు నుంచి మట్టి తెచ్చే పందేల్లో చెవినొప్పి ఓర్చుకున్నోడే గెలిచేవాడు. ఇక్కడ ఓర్చుకోవద్దు. ముక్కు మూసి మెల్లగా ఊది చెవుల్లో ఒత్తిడి సరిచేసుకుంటూ దిగాలి, అదీ నొప్పి మొదలుకాక ముందే, మీటరు మీటరుకూ. సర్దుకోకపోతే కొంచెం పైకి వచ్చి మళ్ళీ ప్రయత్నించాలి, గట్టిగా ఊదితే కర్ణభేరి దెబ్బతింటుంది. జలుబు ఉన్న రోజు అసలు దిగొద్దు.

ఇక చేతులు. ఈతగాళ్ళ చేతులు నీళ్ళలో ఊరుకోవు, బామ్మర్దివి అయితే మరీ. చేతులు ఆడినకొద్దీ ఆయాసం, ఆయాసం పెరిగినకొద్దీ గాలి ఖర్చు. సిలిండర్‌లో మిగిలిన గాలి ఒత్తిడిని బార్లలో చూపే మీటరు 200 దగ్గర మొదలై, అతనిది నాకంటే ఎంతో ముందే పడిపోయేది, 50 బార్లు మిగిలి ఉండగానే పైన ఉండాలి కాబట్టి అందరం అతనితోపాటే పైకి. చేతులు కట్టుకుని తొడల నుంచి మెల్లగా ఫిన్స్ (కాళ్ళకు తొడిగే రెక్కలు) ఆడించడం పట్టుబడ్డాక డైవ్ నిడివి దానంతటదే పెరిగింది. అప్పుడు మొదలైంది అసలు ఆనందం. నడుముకు కట్టిన బరువు, గాలి నింపి తీసే డైవింగ్ జాకెట్‌లో గాలి సరిగ్గా కుదిరితే తక్కెడ ముల్లు నడిమిలో నిలబడ్డట్టు నీళ్ళలో ఆగిపోతాం, ఊపిరి పీలిస్తే కొంచెం లేస్తాం, వదిలితే కొంచెం దిగుతాం, ఇంకేమీ చేయక్కర్లేదు. బాయిలో ఎన్ని ఎండాకాలాలు ఈదినా ఇలాంటిది నేను ఎరగను.

మనవాళ్ళు బాగుంది అనడానికి బొటనవేలు పైకి చూపిస్తారు కదా, కింద దానర్థం 'పైకి పోదాం'. బాగున్నాను అంటే బొటనవేలు, చూపుడు వేలు కలిపి సున్నా చుట్టాలి. దిగేముందే ఇంట్లో మనిషితో ఇది ఆడి చూసుకోండి.

చెర్వుగట్టు జాతరలో కట్టుకున్న ఎర్రదారం నా చేతికే ఉంది, లోతుకు పోయేసరికి అది బూడిద రంగుకు తిరిగింది. నీళ్ళు ముందు ఎరుపునే మింగేస్తాయి. టార్చి వేస్తే మళ్ళీ ఎర్రగా మెరిసింది. చిలుకచేపలు పగడాల మీది నాచును కొరుకుతుంటే ఆ చప్పుడు మాకు వినిపించింది. పగడం రాయిలా కనిపిస్తుంది గానీ ప్రాణమున్న జీవి, 2010లో సముద్రం వేడెక్కి అండమాన్ పగడాలు పెద్దఎత్తున తెల్లబారిపోయాయి. మిగిలినవాటిని మన ఫిన్స్ తన్ని విరగ్గొట్టడం అన్యాయం, సరిగ్గా తేలడం రానివాళ్ళు వాటికి దూరంగా ఇసుక మీదే ఉండాలి.

పైకి రావడం కూడా నింపాదిగానే, నిమిషానికి 9 మీటర్లకు మించకుండా, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగి. ఒంట్లో కరిగిన నైట్రోజన్ బయటికి పోవడానికి సమయం కావాలి. ఇదే కారణంతో వరసగా డైవ్‌లు చేశాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు, టికెట్లు బుక్ చేసేటప్పుడే ఇది చూసుకోండి. మేం ఆ ఖాళీ రోజు సెల్యులార్ జైలుకు పెట్టుకున్నాం.

ఓపెన్ వాటర్ కార్డుతో 18 మీటర్ల దాకా దిగొచ్చు. వచ్చే చలికాలం కర్ణాటకలో మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణి దీవికి పోదామని బామ్మర్ది ఇప్పటి నుంచే వెంటపడుతున్నాడు. వానాకాలం అక్కడ డైవింగ్ ఉండదు కాబట్టి డిసెంబర్ అనుకుంటున్నాం. నల్లగొండ వైపు నుంచి ఎవరైనా వస్తానంటే చెప్పండి, ఉబ్బసం, గుండె జబ్బు లాంటివి ఉంటే మాత్రం ముందు డాక్టర్‌ను అడిగి రండి.