తుపాకులు కంటైనర్లో, తాళంచెవి ఎవరి దగ్గర?

శాంతి చర్చలనగానే పేపర్లలో భూమి, రాజకీయ డిమాండ్లే పతాక శీర్షికలవుతాయి. చర్చలు చెడేది మాత్రం చాలాసార్లు తుపాకీ దగ్గరే.

మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వానికీ నక్సలైట్లకూ మధ్య 2004లో జరిగిన చర్చల సంగతే చూడండి. జూన్‌లో కాల్పులు ఆగాయి. జూలైలో పీపుల్స్‌వార్ (తర్వాత మావోయిస్టు పార్టీలో కలిసిన నక్సలైట్ల పార్టీ) మీద నిషేధాన్ని ప్రభుత్వం పొడిగించలేదు. అక్టోబరు 15 నుంచి 18 దాకా హైదరాబాద్‌లో హోంమంత్రి జానారెడ్డి బృందం, నల్లమల నుంచి వచ్చిన మావోయిస్టు నేత రామకృష్ణ బృందం ఎదురెదురుగా కూర్చున్నాయి. ఆయుధాలతో ఊళ్లలోకి రావద్దని ప్రభుత్వం, వదిలేది లేదని మావోయిస్టులు. అక్కడే పీటముడి. మాజీ ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ లాంటి పెద్దమనిషి మధ్యవర్తిగా ఉన్నా, ఎవరు మాట తప్పారో తేల్చే అధికారం ఆయన నడిపిన పౌరుల కమిటీకి లేదు. 2005 జనవరిలో ఎన్‌కౌంటర్లు మొదలయ్యాక మావోయిస్టులు తప్పుకున్నారు. ఆగస్టులో నిషేధం మళ్లీ వచ్చింది.

నేపాల్ ఇదే ముడిని వేరేగా విప్పింది. 2006 నవంబరు 21న అక్కడి ప్రభుత్వానికీ మావోయిస్టులకూ మధ్య సమగ్ర శాంతి ఒప్పందం, వారం తిరగ్గానే 28న ఆయుధాలపై విడిగా మరొకటి. నా దృష్టిలో అసలు పనితనమంతా ఈ రెండోదాంట్లోనే ఉంది. మావోయిస్టు సైన్యానికి ఏడు ప్రధాన శిబిరాలు, ఒక్కోదానికి మూడేసి ఉపశిబిరాలు. తుపాకులకు నంబర్లు వేసి కంటైనర్లలో పెట్టారు. తాళంచెవి మావోయిస్టుల దగ్గరే! కాకపోతే ఎవరైనా తలుపు తీస్తే మోగే సైరన్, కెమెరాలు ఐక్యరాజ్యసమితి పరిశీలకుల చేతిలో. నేపాల్ సైన్యం కూడా అన్నే ఆయుధాలు అదే పద్ధతిలో భద్రపరచాలి. అంటే ఎవరూ లొంగిపోయినట్టు కాదు. ఆయుధాలు అప్పగించండి అంటే ఏ గెరిల్లా నాయకుడూ తన కేడర్‌కు ముఖం చూపించలేడు.

లోపాలు లేకపోలేదు. తొలి నమోదులో మావోయిస్టు సైనికులుగా 32,250 మంది పేర్లిచ్చారు. పరిశీలనలో నిలిచినవాళ్లు 19,602 మంది, నమోదైన ఆయుధాలు 3,475. మిగతావి ఏమయ్యాయన్న అనుమానం చివరిదాకా వదల్లేదు. అంతకన్నా పెద్ద తప్పు ఇంకోటి: వాళ్లలో ఎందరిని నేపాల్ సైన్యంలోకి తీసుకోవాలో ఒప్పందంలో అంకె రాయలేదు, ప్రత్యేక కమిటీ చూసుకుంటుందని వదిలేశారు. గరిష్ఠంగా 6,500 మంది అని తేల్చేసరికి 2011 నవంబరు వచ్చింది. అప్పటికే శిబిరాల్లో అయిదేళ్లు గడిపినవాళ్లకు ఓపిక సన్నగిల్లింది. చివరికి సైన్యంలో చేరింది సుమారు 1,400 మంది. మిగతావాళ్లలో ఎక్కువమంది హోదాను బట్టి అయిదు నుంచి ఎనిమిది లక్షల నేపాలీ రూపాయలు తీసుకుని ఇళ్లకు వెళ్లిపోయారు.