ఒకే తుఫాను, మూడు పంటకాలాలు

చెన్నైలో కాపురం పెట్టి పదహారేళ్లు కావస్తున్నా, నైరుతి రుతుపవనాలు కేరళను తాకాయన్న వార్త వినగానే గొడుగు వెతుక్కునే అలవాటు నాకు చాలాకాలం పోలేదు. పడమటి కనుమలకు ఇవతల, వాననీడలో ఉన్న ఈ తీరానికి ఆ మేఘాల వల్ల దక్కేవి ఎక్కువగా సాయంకాలపు ఉరుముల వానలే. ఏడాదిలో కురిసే సుమారు 1,400 మిల్లీమీటర్లలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు నెలల మధ్య, గాలి దిక్కు మారి బంగాళాఖాతం మీది తేమను మోసుకొచ్చినప్పుడే పడుతుంది. అదీ కొద్దిపాటి అల్పపీడనాల దయ. అందుకే 2015లో మునిగిన నగరమే 2019లో జోలార్‌పేట నుంచి రైళ్లలో నీళ్లు తెప్పించుకుంది.

నెల్లూరు జిల్లాలో సేద్యం చేసే మా మామయ్య రుతుపవనాల పేరెత్తరు, కార్తెలే చెబుతారు. తిథులు చంద్రుణ్ణి బట్టి ఏటా అటూ ఇటూ జరుగుతాయి. కార్తె మాత్రం సూర్యుడు ఏ నక్షత్రంలో ఉన్నాడన్న లెక్క కాబట్టి పదమూడు, పద్నాలుగు రోజుల చొప్పున దాదాపు అవే తేదీల్లో వస్తుంది: మృగశిర జూన్ 8 ప్రాంతంలో, స్వాతి అక్టోబరు 24 ప్రాంతంలో. పండుగలను చంద్రుడికి వదిలి, నాగలిని సూర్యుడికి కట్టిన ఆ పూర్వుల తెలివి నాకు ఇప్పటికీ అబ్బురమే. అయితే ఆరుద్ర కురిస్తే ఆరు కార్తెలు కురుస్తుందన్న సామెత, జూన్ వానలతోనే సాగు మొదలుపెట్టే పైజిల్లాల వారిది. పెన్నా కింద పెద్దపంటకు నారు పోసేది అక్టోబరు దాటాకనే.

2023 డిసెంబరు 3, 4 తేదీల్లో మిచౌంగ్ తుఫాను చెన్నైని ముంచినప్పుడు, వేళచ్చేరిలోని మా వీధిలో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. పళ్ళికరణై చిత్తడినేల పక్కన ఇళ్లు కట్టుకున్నవాళ్లం, ఆశ్చర్యపోవడానికి మాకు హక్కు లేదు. కరెంటు వచ్చాక మామయ్యకు ఫోను చేస్తే, నారుమళ్లు మునిగి నారు కుళ్లిపోయిందని, స్వల్పకాలిక రకం విత్తనం మళ్లీ పోయాలని చెప్పి, ఆ గొంతుతోనే, "చెరువు మాత్రం అలుగు పారుతోందిరా, ఎడగారుకు నీళ్లకు లోటుండదు," అన్నారు. ఎడగారు అంటే పెద్దపంట కోశాక వేసే రెండో పంట.

అదే తుఫాను 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది. తెనాలి పక్కన బావగారి పొలంలో సాంబ మసూరి అప్పటికి కోతకు వచ్చి ఉంది. జూలైలో కాలువ నీటితో మొదలయ్యే ఆ ఐదు నెలల పంట, తుఫానుల నెలలోనే పండి నిలుస్తుంది. చేను ఒరిగి నీళ్లలో పడింది, కోసి పెట్టిన పనలకు మొలకలొచ్చాయి. చెరువు నిండడం అక్కడ ఎవరికీ ఊరట కాదు. వారం రోజులు రోడ్డు మీద టార్పాలిన్ పట్టాలు పరిచి ధాన్యం తిరగబోస్తూ, కొనుగోలుకు కావలసిన 17 శాతం తేమకు దించడానికే బావగారు అవస్థపడ్డారు.

ఆ మరుసటి ఏడాది ఆయన నారు పోయలేదు. అదే సాంబ మసూరిని నేరుగా పొలంలో వెదజల్లారు. నారు పీకి నాటే దెబ్బ తగలని పైరు వారం పది రోజులు ముందుగా కోతకొస్తుందట. కలుపు తీయించలేక చస్తున్నామని అక్కయ్య మాత్రం ఫోన్లో విసుక్కుంది.