12 సెకన్లు

"బాబాయ్, ఎంత వచ్చింది?" రొప్పుతూ అడిగాడు. ఫోన్ చూపించాను. 5 నిమిషాల 42 సెకన్లు.

పొద్దున్నే గుంటూరు బ్రహ్మానందరెడ్డి స్టేడియంలో మా అన్నయ్య కొడుకు ఆర్మీ అగ్నివీర్ సెలక్షన్‌కు ప్రాక్టీస్. 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలో పరిగెత్తితేనే మొత్తం 60 మార్కులు. ఆ 12 సెకన్ల కోసం మూడు నెలలుగా నాలుగింటికే లేస్తున్నాడు. మోకాలికి క్రేప్ బ్యాండేజీ. నొప్పి సంగతి వాళ్లమ్మకు చెప్పొద్దన్నాడు.

నాకు పరుగు కంటే తర్వాతి సంగతే టెన్షన్. సర్వీసు 4 ఏళ్లే. ఆపైన పర్మనెంట్‌గా ఉంచుకునేది 25 శాతం వరకే. సర్వీసు అయ్యాక ఒకేసారి ఇచ్చే సేవానిధి డబ్బు చేతికొస్తుంది, నిజమే. పెన్షన్ మాత్రం ఉండదు. ఇరవై మూడేళ్లకు మళ్లీ మొదటి నుంచి ఉద్యోగం వెతుక్కోవాలా?

అడుగుదామనుకున్నాను. అప్పటికే మళ్లీ లైన్ దగ్గర నిలబడ్డాడు.

"టైమ్ పెట్టు బాబాయ్."

పెట్టాను.