అమ్మ చెప్పిన పాఠం

శనివారం, కొచ్చి

అమ్మ వచ్చి వారమైంది. రోజూ నేను ఆఫీసుకు పోతే తను గోడలు చూస్తూ కూర్చుంటోంది. అందుకే ఇవాళ పొద్దున్నే ఎర్నాకుళం జెట్టీలో బోటెక్కి ఫోర్ట్ కొచ్చి వెళ్లాం. చీనా వలలు చూసి, ఎండ ముదరకముందే సెయింట్ ఫ్రాన్సిస్ చర్చికి నడిచాం.

లోపల నేలమీద ఒక రాతిపలక, చుట్టూ కమ్మీలు. 1524 డిసెంబరులో కొచ్చిలో చనిపోయిన వాస్కోడిగామాను ఇక్కడే పూడ్చారు. 1539లో ఎముకల్ని పోర్చుగల్ తీసుకుపోయారు. అమ్మ కమ్మీ పట్టుకుని చాలాసేపు నిలబడింది. "ఎన్ని వేలమంది పిల్లలతో చెప్పించానే ఈ పేరు!" అంది. ముప్పయ్యేళ్లు సోషల్ టీచరు మరి. భారతదేశానికి సముద్రమార్గం కనుగొన్నది ఎవరు? ఏటా వచ్చే బిట్టు.

బయట చెట్టు కింద కూర్చున్నాక, నేనీమధ్య చదివినవన్నీ చెప్పాను. ఆఫ్రికా తీరంలోని మాలిందిలో ఈ సముద్రం తెలిసిన నావికుడు ఒకడు గామాకు తోడుగా ఓడెక్కాడు. అతను దారి చూపిస్తే 1498లో ఇరవై మూడు రోజుల్లో మలబారు కొండలు కనిపించాయి. తిరుగు ప్రయాణంలో గాలులు అనుకూలంగా లేవు. అదే సముద్రం దాటడానికి దాదాపు మూడు నెలలు పట్టింది. చిగుళ్లు వాచి, ముప్పై మంది దాకా చనిపోయారు. ఆ మనుషుల ధైర్యం చిన్నదని నేననను. కానీ దారి అప్పటికే ఉంది. అరబ్బులు, గుజరాతీలు తరతరాలుగా నడిచిన దారి. కాలికట్ రాజుకని గామా టోపీలు, పంచదార, తేనె తెస్తే, మక్కా నుంచి వచ్చే బీద వర్తకుడైనా ఇంతకన్నా ఎక్కువిస్తాడని అక్కడి అధికారులు నవ్వారట.

1502 సంగతి చెప్పేటప్పుడు నా గొంతు పట్టేసింది. మక్కా యాత్ర నుంచి కాలికట్ తిరిగొస్తున్న 'మీరీ' ఓడను గామా ఆపాడు. రెండేళ్ల క్రితం కాలికట్‌లో పోర్చుగీసువాళ్లను చంపినందుకు పగ. ధనం ఇస్తామన్నా వినలేదు. సొమ్ము దోచుకుని, వందలమందిని ఓడతో సహా తగలబెట్టించాడు. ఆడవాళ్లు నగలు చూపించారు, చంటిపిల్లల్ని పైకెత్తి చూపించారు. ఇది పగవాళ్లు అల్లిన కథ కాదు, గామా వెంట వచ్చిన తోమే లోపెష్ అనే పోర్చుగీసు గుమాస్తా కళ్లారా చూసి రాసింది. కొందరు పిల్లల్ని మాత్రం దింపుకుని తమ మతంలో కలుపుకున్నారు.

అమ్మ కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంది. "పుస్తకంలో ఇది ఒక్క ముక్క లేదే" అంది. తిరుగు బోటులో ఏమీ మాట్లాడలేదు.

రాత్రి తెనాలి నుంచి అన్నయ్య కొడుకు ఫోన్ చేశాడు. అమ్మ వాడికి వలల గురించి, బోటు గురించి చెప్పి, చివరికి సమాధి దగ్గరికొచ్చింది.

"తెలుసు నాయనమ్మా, ఇండియాని కనుక్కున్నాడు కదా!"

"కనుక్కున్నాడు అనకు నాన్నా. వచ్చాడు అను."

"మరి పరీక్షలో ఏం రాయాలి?"

అమ్మ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని నా వైపు చూసింది. నాకూ వెంటనే ఏం చెప్పాలో తోచలేదు.