కొబ్బరి తోటలో ఆర్‌టీటీవై: జూన్ నుంచి సెప్టెంబరు దాకా

జూన్, మూడో వారం

వానలు ముదరకముందే తీగ పైకెత్తేయాలని ఈసారి గట్టిగా అనుకున్నాను. హామ్ రేడియో లైసెన్సు చేతికొచ్చి ఏడాది దాటింది. ఇన్నాళ్లూ మైకు పట్టుకుని మాట్లాడటమే. తెల్లారగట్ల 40 మీటర్ల తరంగాల బ్యాండు మీద నాలుగు పలకరింపులు, అంతే. మనసు మాత్రం ఆర్‌టీటీవై మీద ఉంది. రేడియో టెలీటైపు. కీబోర్డు మీద కొట్టిన అక్షరం రెండు స్వరాలుగా మారి గాల్లోకి వెళ్లి, అవతల ఇంకో తెర మీద మళ్లీ అక్షరమై పడుతుంది.

ఈ ఇష్టానికి మూలం మా పెదనాన్నగారు. తంతి ఆఫీసులో టెలీప్రింటరు మీద పనిచేసి రిటైరయ్యారు. 1996 నవంబరు 6 రాత్రి తుపాను సంగతి ఎప్పుడొచ్చినా ఆయన ఒకటే అంటారు: "యంత్రం బాగానే ఉందిరా. తీగే లేదు." ఆ మాట చిన్నప్పుడు విన్నాను, ఇప్పటికీ పోలేదు. తీగ లేకుండా నడిచే టెలీప్రింటరు మా ఇంట్లో ఒకటి ఉండాలి.

ముందు యాంటెన్నా. 20 మీటర్ల బ్యాండులో ఆర్‌టీటీవై వాళ్లు 14.080 నుంచి 14.099 మెగాహెర్ట్జ్ మధ్య ఎక్కువగా కనిపిస్తారు. డైపోల్ (మధ్యలో కేబులు కలిపి రెండు వైపులా చేతుల్లా చాచిన తీగ) పొడవుకి లెక్క సులువు: 143ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మీటర్లు వస్తాయి. 14.08కి 10.16 మీటర్లు, అంటే ఒక్కో చెయ్యి 5.08. ఇంటి వైరింగుకి వాడే ప్లాస్టిక్ తొడుగు తీగే కొన్నాను. తొడుగున్న తీగ లెక్కకన్నా కొంచెం పొట్టిగా ఉంటేనే శ్రుతి కుదురుతుంది. అయినా ముందు 5.30 కోసి, పైకెత్తి చూస్తూ రెండు వైపులా సమానంగా తగ్గించుకుంటూ వచ్చాను. పొట్టిదాన్ని పొడుగు చేయడం కష్టం. ఐదుసార్లు దించి ఎక్కించాక ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా ఎంత సరిగ్గా కుదిరిందో చెప్పే కొలత, 1కి దగ్గరైతే మంచిది) 1.3 దగ్గర నిలిచింది.

కట్టడానికి స్తంభాలు కొనక్కర్లేదు, ఇది కోనసీమ. పంట బోదెకి అటొక చెట్టు, ఇటొక చెట్టు, మధ్య దూరం 14 మీటర్లు. దింపు తీయడానికి వచ్చినతన్నే ఎక్కమని అడిగాను. "ఆయ్, ఎక్కుతానండి. ఇంతకీ ఈ తీగ షాక్ కొడతాదాండి?" అన్నాడు. నేను రేడియో మీద మాట్లాడేటప్పుడు ముట్టుకోకూడదనీ, మిగతా సమయాల్లో ఏమీ కాదనీ, అతను చెట్టు మీదుండగా రేడియోకి కరెంటే ఇవ్వననీ చెప్పాను. మొవ్వు జోలికి పోకుండా, మట్టలకి కింద మాను చుట్టూ కట్టి కప్పీ వేలాడదీశాడు. మేకు మాత్రం కొట్టనివ్వలేదు.

కొబ్బరి చెట్టు ఊగుతుంది. రెండు చివర్లూ బిగించి కడితే మొదటి ఈదురుగాలికే తీగ తెగుతుంది. అందుకని ఒక చివర మాత్రమే కట్టి, రెండో చివర తాడుని కప్పీ మీంచి కిందికి దించి, ఇసక పోసిన ఐదు లీటర్ల నూనె డబ్బా వేలాడదీశాను. గాలేసినప్పుడు చూస్తే డబ్బా జానెడు పైకీ కిందికీ మెల్లగా కదులుతూ ఉంటుంది. తీగ బిగువు మాత్రం మారదు. తాడు నైలాన్‌ది. కొబ్బరి తాడు మన ఊరి సరుకే అయినా వానాకాలం నాని కుళ్లిపోతుంది.

తీగ మధ్యలో, రేడియో నుంచి వచ్చే కోయాక్సియల్ కేబులు కలిసేచోట కేబులునే పది చుట్లు చుట్టి, విడిపోకుండా టేపు వేశాను. దీని విలువ ఆగస్టులో తెలిసింది.

జూలై

పంపడం గురించి అసలు ఆలోచించకుండా నెలంతా వినడమే. ఆర్‌టీటీవై మొదలుపెట్టే వాళ్లందరికీ నేను ఇదే చెబుతాను. సరంజామా కూడా అంతే కొంచెం: రేడియో చెవి సాకెట్ నుంచి ల్యాప్‌టాపు మైకు సాకెట్‌కి ఒక తీగ, ఎంఎంటీటీవై అనే ఉచిత సాఫ్ట్‌వేరు. జపాన్ హామ్ ఒకాయన రాసింది, విండోస్ మీద నడుస్తుంది. అందులో 'హామ్' అనే మీట నొక్కితే కావాల్సిన కొలతలన్నీ తానే పెట్టుకుంటుంది: వేగం 45.45 బాడ్, మార్క్ స్వరం 2125 హెర్ట్జ్, రెండు స్వరాల మధ్య తేడా 170 హెర్ట్జ్. అంటే స్పేస్ 2295 దగ్గర.

మొదటి మూడు రోజులు తెర మీద చెత్త తప్ప ఏమీ రాలేదు. శబ్దం బాగానే వినిపిస్తోంది, గీతలు రెండూ సరిగ్గా కూర్చున్నాయి, అక్షరాలు మాత్రం అర్థం లేనివి. కారణం సైడ్‌బ్యాండ్. 20 మీటర్ల మీద మాట యూఎస్‌బీలో (పై సైడ్‌బ్యాండ్, కంప్యూటరు యూఎస్‌బీ కాదు) కాబట్టి రేడియో అందులోనే ఉంది. ఆర్‌టీటీవైకి ఏ బ్యాండైనా ఎల్‌ఎస్‌బీ (కింది సైడ్‌బ్యాండ్) వాడటం రివాజు. యూఎస్‌బీలో ఉంటే మార్క్, స్పేస్ తారుమారవుతాయి. ఎల్‌ఎస్‌బీకి మార్చగానే ఒక్కసారిగా మాటలు పడ్డాయి. ఆ క్షణం తెర మీద కనిపించింది "సీక్యూ సీక్యూ" (ఎవరైనా ఉన్నారా అన్న పిలుపు), దాని వెంట ఒక జపాన్ కాల్‌సైన్, అంటే స్టేషను గుర్తింపు పేరు.

శ్రుతి పట్టడానికి ఎంఎంటీటీవైలో ఎక్స్‌వై స్కోపు అని చిన్న నల్లటి గడి ఉంటుంది. స్టేషను పక్కకి ఉంటే అందులో రెండు గీతలు ఉబ్బిపోయి, వాలిపోయి, ఒకదాన్నొకటి తొక్కుకుంటూ ఉంటాయి. డయలు పది పది హెర్ట్జ్ చొప్పున తిప్పుతుంటే అవి సన్నబడి, నిటారుగా ఒకటీ అడ్డంగా ఒకటీ ప్లస్ గుర్తులా నిలబడతాయి. వారం రోజుల తర్వాత ఆ గడి చూడకుండా చెవితోనే అరవై డెబ్బై హెర్ట్జ్ దగ్గరికి రాగలిగాను.

ఒక సాయంత్రం పెదనాన్నగారు అరుగు మీద కూర్చుని ఆ శబ్దం విన్నారు. లోపలికొచ్చి, "ఇది ఐదు బిట్లదే కదరా" అన్నారు. అదే. ఫ్రాన్సు దేశపు బోడో 1870లలో కట్టిన కోడు, తర్వాత ముర్రే మార్చాడు. వేగాన్ని కొలిచే 'బాడ్' ఆ బోడో పేరే. ఒక్కో అక్షరానికి ఐదు బిట్లు, ముందొక స్టార్ట్, వెనక ఒకటిన్నర స్టాప్. బిట్టుకి 22 మిల్లీసెకన్లు. అంటే సెకనుకి ఆరు అక్షరాలు, నిమిషానికి అరవై మాటలు. ఐదు బిట్లతో 32 రూపాలే వస్తాయి కాబట్టి ఒకే రూపం అక్షరానికీ అంకెకీ సరిపెట్టాలి. అందుకే 'అక్షరాల మీట', 'అంకెల మీట' అని రెండు సంకేతాలు. ఆర్, వై అక్షరాలు మార్చి మార్చి ఎందుకు పంపేవారో కూడా ఆయనే చెప్పారు: ఒకటి 01010, ఇంకోటి 10101. బిట్లన్నీ అటూ ఇటూ మారతాయి గనక యంత్రంలో ఎక్కడ లోపమున్నా బయటపడుతుంది.

రాత్రిళ్లు మాత్రం ఇబ్బంది. ఏడు దాటితే అందే సంకేతం బలం చూపే ఎస్ మీటరు 7 దగ్గర అతుక్కుపోయేది, బర్రుమని ఒకటే హోరు. రేడియోని బ్యాటరీ మీద పెట్టి ఇంటి మెయిన్ ఆపేసినా పోలేదు కాబట్టి మా ఇంట్లోది కాదు. పాత ట్రాన్సిస్టరు రేడియో పట్టుకుని, మీడియం వేవ్‌లో స్టేషను లేనిచోట పెట్టి, రొయ్యల చెరువుల గట్టు వెంట నడిచాను. అనుమానమంతా ఏరియేటర్ల మీదే. కానీ వాటి దగ్గర శబ్దం పెరగలేదు. కాపలా పాక దగ్గర చెవులు పగిలిపోయేలా వచ్చింది. పాక మీద చెరువు వైపు తిప్పిన పెద్ద ఎల్‌ఈడీ లైటు. చెరువు బాబాయిది. "నీ రేడియో కోసం నా రొయ్యల్ని చీకట్లో పెట్టమంటావేంట్రా?" అని నవ్వాడు గానీ, ఇంకో లైటు నేనే కొని తెచ్చి బిగిస్తే ఒప్పుకున్నాడు. హోరు ఎస్2కి దిగింది. ఈ నెలలో నేను చేసిన పనుల్లో ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే.

ఆగస్టు

గోదావరికి వరదొచ్చి లంకలు మునిగాయి. కరెంటు వస్తూ పోతూ ఉంది. ఇంట్లో కూర్చుని కేబులు తయారుచేశాను.

నా రేడియో సెకండ్‌హ్యాండ్‌లో కొన్న యాయెసు ఎఫ్‌టీ-857డీ. వెనక ఆరు పిన్నుల డేటా సాకెట్ ఉంది. 1 శబ్దం లోపలికి, 2 గ్రౌండు, 3 పీటీటీ (రేడియోని పంపే స్థితికి మార్చే స్విచ్చు), 5 శబ్దం బయటికి. ల్యాప్‌టాపుకి విడిగా ఒక యూఎస్‌బీ సౌండు కార్డు తగిలించాను. సొంత సౌండు కార్డు వాడితే విండోస్ చేసే టింగుమనే చప్పుళ్లు కూడా గాల్లోకి వెళ్తాయి. రెండిటి మధ్యా నేరుగా తీగ కలపలేదు. పాడైన డయలప్ మోడెం కార్డుల్లోంచి ఊడదీసిన చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు రెండు, రాకకొకటి పోకకొకటి. పంపే వైపు 10 కె, 1 కె రెసిస్టర్లతో శబ్దాన్ని సుమారు పదో వంతుకి తగ్గించాను. పీటీటీకి యూఎస్‌బీ సీరియల్ తీగలోని ఆర్‌టీఎస్ పిన్ను నుంచి 4.7 కె రెసిస్టరు ద్వారా బీసీ547 ట్రాన్సిస్టరు బేసుకి, కలెక్టరు పిన్ను 3కి, ఎమిటరు గ్రౌండుకి. అంతా అగ్గిపెట్టెంత బోర్డు మీద పట్టింది.

మొదటిసారి 20 మీటర్ల మీద మీట నొక్కగానే సౌండు కార్డు మాయమైపోయింది, ల్యాప్‌టాపు బిగుసుకుపోయింది. రేడియో శక్తి కేబులు పైపొర వెంట ఇంట్లోకి వస్తోంది. యాంటెన్నా దగ్గర చూస్తే నా పది చుట్లలో ఆరు జారి విడిపోయి వేలాడుతున్నాయి. పీవీసీ పైపు ముక్క మీద మళ్లీ చుట్టి గట్టిగా కట్టాను. యూఎస్‌బీ తీగకి ఆ శక్తిని అడ్డుకునే ఫెరైట్ ముక్కలు రెండు తగిలించాను. ఆ తర్వాత మళ్లీ రాలేదు.

శబ్దం మోతాదు విషయంలో ఓపిక ఉండాలి. రేడియోలోకి శబ్దం ఎక్కువైతే కదిలే ఏఎల్‌సీ మీటరు కదిలేదాకా పెంచి, మళ్లీ పూర్తిగా కదలకుండా పోయేదాకా తగ్గించాలి. కదులుతోందంటే మన సంకేతం పక్క స్టేషన్ల మీదికి చిమ్ముతోందని అర్థం. శక్తి సంగతీ అంతే. మాటలో అయితే పదాల మధ్య రేడియో ఊపిరి తీసుకుంటుంది. ఆర్‌టీటీవైలో మీట నొక్కినంతసేపూ పూర్తి శక్తి నిలకడగా వెళ్తూనే ఉంటుంది. 100 వాట్ల రేడియోని 30 దగ్గర పెట్టాను. వెనక చిన్న ఫ్యాను కూడా పెట్టాను. రెండు నిమిషాలకే వీపు చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతున్న రేడియో ఇప్పుడు గోరువెచ్చగా ఉంటోంది.

ఆగస్టు 24 సాయంత్రం 6:40కి మొదటి కలయిక. ఇటలీ స్టేషను, 14.083. నా కాల్‌సైన్ తప్పులేకుండా తెర మీద తిరిగొచ్చింది. ఆ వరుస కాగితం మీద రాసుకుని గోడకి అంటించాను.

సెప్టెంబరు

నెలాఖరు వారాంతంలో సీక్యూ వరల్డ్ వైడ్ ఆర్‌టీటీవై పోటీ. మనకి శనివారం పొద్దున్న 5:30కి మొదలై సోమవారం 5:30 దాకా. గెలవడానికి కాదు, నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. దాదాపు అందరూ ఒకే వరుస పంపుతారు: 599 (మీ సంకేతం బాగా అందిందని), తర్వాత తమ ప్రాంతపు జోన్ నంబరు. మనది 22. ముందురోజే మాక్రోలు, అంటే ఒక్క మీటతో వెళ్లే సిద్ధపు వరుసలు, రాసి పెట్టుకున్నాను. ఒకదాంట్లో నా కాల్‌సైన్ మాత్రమే, ఇంకోదాంట్లో "599 22 22". పోటీలో పొడుగు పలకరింపులు పంపితే అవతలివాళ్ల సమయం తిన్నట్టే.

శనివారం పొద్దున్న 15 మీటర్లు కూడా ప్రయత్నించాను. ఆ డైపోల్ దానికి కాదు, ఎస్‌డబ్ల్యూఆర్ ఒప్పుకోలేదు, వదిలేశాను. సాయంత్రం 20 మీటర్లు నిండిపోయింది. జల్లెడలో ఇసకలా స్టేషన్లు, ఒకదాని మీద ఒకటి.

ఏడున్నరకి ఒక ఇటలీ స్టేషను నాకు జవాబిచ్చాడు. తెర మీద "టీఓఓ క్యూటీ క్యూటీ" అని పడింది. మళ్లీ పంపమని అడగబోతున్నాను. వెనక కుర్చీలో ఉన్న పెదనాన్నగారు అన్నారు: "ఐదు తొమ్మిది తొమ్మిది, పదిహేను. అంకెల మీట దారిలో పోయిందిరా. ముత్యాల్లాంటి కాపీ అది." టెలీప్రింటరు పై వరుస ఇప్పటికీ ఆయన వేళ్లలో ఉంది: క్యూ ఒకటి, డబ్ల్యూ రెండు, టీ ఐదు, ఓ తొమ్మిది. ఇటలీ జోను 15, సరిపోయింది. ఎంఎంటీటీవైలో యూఓఎస్ అనే మీట ఉంది. అది నొక్కి ఉంటే ఖాళీ రాగానే తెర అక్షరాలకి తిరిగొస్తుంది. మాటలకి మేలు, అవతలివాడు ఖాళీ తర్వాత అంకెల సంకేతం మళ్లీ పంపకపోతే జోన్ నంబరుకి చేటు. ఆ తర్వాత రెండు గంటలూ ఆయన చదివారు, నేను పంపాను. లైసెన్సు నాది కాబట్టి కీబోర్డు నా దగ్గరే. "క్యూఆర్" అంటే 14, జర్మనీ. "డబ్ల్యూటీ" అంటే 25, జపాన్. మాకు ఎవరినీ రెండోసారి అడగాల్సిన పని పడలేదు.

రెండు రోజుల్లో 61 కలయికలు. రాత్రి పన్నెండు దాటాక బ్యాండు మూసుకుపోయింది కాబట్టి ఇద్దరం నిద్ర కూడా పోయాం.

మిగిలిన పనులు

యాంటెన్నా కనెక్టరు విప్పి చూస్తే మూడు నెలలకే పచ్చటి చిలుం పట్టింది. ఉప్పుగాలి. కొత్తది వేసి, రబ్బరులా సాగి తనకు తానే అతుక్కునే టేపు చుట్టాలి, మామూలు నల్ల టేపు కింద నీళ్లు నిలుస్తున్నాయి. 40 మీటర్లకి ఒక్కో చెయ్యీ 10.15 మీటర్లు కావాలి, బోదె అవతలి రెండో వరుస చెట్టు దాకా వెళ్తే సరిపోతుంది. వచ్చే దింపు ఎప్పుడో కబురు పెట్టాను. కప్పీలు రెండు కొనుంచాను.