నాయనమ్మ పెనం

మూడేళ్లుగా బాల్కనీలో తులసి కుండీ కింద పడున్న పోత ఇనుప పెనానికి నిన్న మోక్షం వచ్చింది. మాది లాసన్స్ బే కాలనీ. సముద్రపు గాలికి ఇక్కడ కిటికీ బోల్టులే నిలవవు, నూనె ముఖం చూడని ఇనుము సంగతి చెప్పాలా? పట్టుకుంటే అరచెయ్యంతా ఎర్రగా అయింది.

వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి అరగంట నానబెట్టా. ఎక్కువసేపు ఉంచితే తుప్పుతోపాటు ఇనుమునీ తినేస్తుంది. తర్వాత స్టీలు పీచుతో చేతులు పడిపోయేలా తోమి, కడిగి, వెంటనే స్టవ్ మీద తడి ఆర్చేశా. కాస్త ఆలస్యమైతే మళ్లీ ఎర్ర చారలే. వైజాగ్ కదా!

నూనె దగ్గరే బోల్తా పడ్డా. ధారాళంగా పూసేసరికి జిగురుజిగురుగా, మచ్చలుమచ్చలుగా తయారైంది. అమ్మకి ఫోన్ చేస్తే, "పెనానికి తలంటు పోశావేంటే? గుడ్డతో తుడిచెయ్, మెరుపు మిగిలితే చాలు" అంది.

మళ్లీ తోమి, నువ్వుల నూనె పలచగా రాసి, పొగ వచ్చేదాకా కాల్చి, చల్లార్చి... ఇలా నాలుగుసార్లు. ఆ వేడికి నూనె గట్టిపడి ఇనుముకి పొరలా పట్టేస్తుంది. మన పాతకాలపు నాన్‌స్టిక్ అదే.

పొద్దున్న సగం ఉల్లిపాయని నూనెలో ముంచి పెనమంతా రుద్ది అట్టు పోశా. మొదటిది ముక్కలైంది. రెండోదీ అంతే. మూడోదానికి అట్లకాడ పెట్టకముందే అంచు లేచింది. పెనం ఒక పక్క చిన్న పెచ్చు ఊడి ఉంటుంది, నాయనమ్మ చేతిలోంచి జారిన రోజుదట. సరిగ్గా అక్కడ మాత్రం ఇంకా అంటుకుంటోంది.

ముక్కలైన రెండూ నేను తిన్నా. మూడోది మా అమ్మాయి లాగేసుకుంది.