మాత్రల ఖర్చు మీద ఎమ్మెల్యేకి, ఎంపీకి ఉత్తరం రాయాలంటే

"పేదలకు వైద్యం అందడం లేదు, తగు చర్యలు తీసుకోగలరు" అని రాసిన ఉత్తరం ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. ఎమ్మెల్యే ఆఫీసులో పీఏ దాన్ని డీఎంహెచ్‌ఓకి, అంటే జిల్లా వైద్య ఆరోగ్యాధికారికి పంపిస్తాడు. ఏ ఆసుపత్రి, ఏ మందు, ఎప్పటి మాట అన్నది అందులో ఉండదు కాబట్టి, "జిల్లాలో మందుల కొరత లేదు" అని అక్కడి నుంచి ఒక్క వాక్యం వస్తుంది. అడిగినదానికి తగిన జవాబే అది.

ముందు ఎవరికి రాయాలో తేల్చుకోండి. ఆసుపత్రులు రాజ్యాంగం ప్రకారం రాష్ట్ర జాబితాలోవి. ఆదోని ఏరియా ఆసుపత్రిలో మాత్రలు లేకపోయినా, పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) డాక్టరు పోస్టు ఖాళీగా ఉన్నా అడగాల్సింది ఎమ్మెల్యేని. మందుల గరిష్ఠ ధరలు, తక్కువ ధరకి మందులమ్మే జన ఔషధి దుకాణాలు కేంద్రానివి, అవి ఎంపీ పని. జాతీయ ఆరోగ్య మిషన్‌లో కేంద్రం వాటా 60, రాష్ట్రం వాటా 40 కాబట్టి ఆ డబ్బు లెక్క ఇద్దరినీ అడగొచ్చు.

మీ ఎంపీ ఎవరో కూడా ఒకసారి సరిచూసుకోండి. 2022లో జిల్లాలు చీలాయి, నియోజకవర్గాలు మాత్రం పాతవే. కర్నూలు ఊళ్లో కలిసిపోయిన కల్లూరు వాళ్లు రాయాల్సింది పాణ్యం ఎమ్మెల్యేకి, నంద్యాల ఎంపీకి. రాప్తాడు మండలం అనంతపురం జిల్లాలో ఉన్నా ఎంపీ మాత్రం హిందూపురం ఎంపీ. తప్పు ఆఫీసుకి పోయిన ఉత్తరాన్ని ఎవరూ తిరిగి సరైన చోటికి పంపరు.

ఇక ఏం రాయాలి? చాలామంది కష్టాన్ని వర్ణిస్తారు, కొందరు పద్యమే కడతారు. పద్యం బాగుంటే మెచ్చుకుని పక్కన పెడతారు. చదివేవాళ్లని ఆపేది నెల పద్దు. కిరాణా ఖాతా రాసినట్టు ఒక ఇంటి మందుల లెక్కను ఒక్క పేజీలో పెట్టండి: మందు పేరు, మోతాదు, నెలకి ఎన్ని కావాలి, ఆసుపత్రిలో ఎన్ని ఇచ్చారు, బయట ఎన్ని కొన్నారు, బిల్లు ఎంత. ఉదాహరణకి సుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ 500 రోజుకు రెండు చొప్పున నెలకి 60 కావాలి. ఆసుపత్రిలో పది రోజులకే, అంటే 20 ఇచ్చారనుకుందాం. తక్కిన 40 బయట కొనాలి, లేదా ఇంకో రెండుసార్లు బస్సెక్కి రావాలి. ఆ బస్సు చార్జీ, పోయిన రెండు రోజుల కూలి కూడా పద్దులో వేయండి. ఉచితంగా ఇచ్చే మాత్రకి అసలు ఖర్చు తేలేది అక్కడే. కంపెనీ పేరు రాయొద్దు, మందు పేరే రాయండి. కంపెనీ పేరు రాస్తే "ఆ బ్రాండు మేము సరఫరా చేయం" అని తప్పించుకునే దారి మీరే చూపినట్టు.

ఆరోగ్యశ్రీ ఉంది గదా అంటారు. అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకి. బీపీకి, సుగరుకి ప్రతి నెలా మింగే మాత్రల బిల్లు అందులో రాదు. ఉత్తరంలో ఈ తేడా ఒక్క వాక్యంలో చెప్పేస్తే ఆ జవాబు మళ్లీ రాదు. పథకం పేరు ఇప్పుడున్నదే, ఎన్టీఆర్ వైద్య సేవ అనే రాయండి. 2007లో మొదలైన నాటి నుంచి పేరు ప్రభుత్వంతో పాటు మారుతూనే ఉంది. పాత పేరు కనిపిస్తే మీ ఉత్తరంలో వైద్యాన్ని వదిలేసి పార్టీని వెతుకుతారు.

పద్దుకి బలం కావాలంటే ముందే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ స్థాయి ఆఫీసుకి ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవాళ్లకి అదీ లేదు. జవాబుకి గడువు 30 రోజులు. "మందులు ఎందుకు ఇవ్వలేదు" అని అడిగితే ఏమీ రాదు, ఎందుకంటే ఆ చట్టం కింద ఇచ్చేది రికార్డు, సంజాయిషీ కాదు. ఫలానా మందుకి గత ఆరు నెలల్లో ఏ తేదీన ఎన్నింటికి ఇండెంటు (మందులు పంపమని ఆసుపత్రి రాసే కాగితం) పెట్టారు, ఎన్ని వచ్చాయి, స్టాకు రిజిస్టరు నకలు ఇవ్వండి అని అడగండి. ఇండెంటే పెట్టలేదని తేలితే లోపం ఆసుపత్రిలో, పెట్టినా రాలేదంటే సరఫరాలో. ఎమ్మెల్యే ఎవరికి ఫోన్ చేయాలో దాన్నిబట్టే ఉంటుంది.

ఎంపీ దగ్గర ఇంకో దారి ఉంది. ఉత్తరానికి బదులు, సభలో అడగడానికి తయారుగా ఉన్న ప్రశ్న రాసివ్వండి. లోక్‌సభ ప్రశ్న 150 పదాలు దాటకూడదు, అభిప్రాయం అడగకూడదు, రాష్ట్రం పరిధిలోని విషయం అయి ఉండకూడదు. ఆదోనిలో మాత్రలు లేవన్న ప్రశ్న ఈ చివరి నిబంధన దగ్గరే ఆగిపోతుంది. "కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో జన ఔషధి కేంద్రాలు ఎన్ని, గత మూడేళ్లలో ఎన్ని తెరిచారు, ఎన్ని మూతపడ్డాయి" అని అడిగితే నిలుస్తుంది. ఇది ఆరోగ్య శాఖకి కాదు, రసాయనాలు, ఎరువుల శాఖకి వేయాలి. జన ఔషధి ఆ మంత్రిత్వ శాఖ కింద ఉంది. చాలా ప్రశ్నలు ఇక్కడే దారి తప్పుతాయి. ఎంపీ ఆ ప్రశ్నకి నోటీసు 15 రోజుల ముందు ఇవ్వాలి, ఆపైన ఏ ప్రశ్నలు తీసుకోవాలో లాటరీ కూడా తీస్తారు కాబట్టి సమావేశాలకి నెల ముందే మీ కాగితం ఆఫీసులో ఉండాలి. లాటరీలో తగలకపోతే లోక్‌సభ 377 నిబంధన కింద సభ ముందు పెట్టడానికి 250 పదాల్లోపు ఇంకో కాగితం జత చేసి ఇవ్వండి.

ఎంపీ నిధులు ఏడాదికి 5 కోట్లు. వాటితో మాత్రలు కొనరు, జీతాలివ్వరు, శాశ్వతంగా నిలిచే ఆస్తికే ఇస్తారు. స్కానింగు యంత్రం అడగొచ్చు. కానీ దాన్ని నడిపే మనిషి పోస్టు రాష్ట్రానిది. ఆ పోస్టు కోసం అదే రోజు ఎమ్మెల్యేకి కూడా రాయకపోతే యంత్రం గుడ్డ కప్పుకుని కూర్చుంటుంది.

పదిమంది కలిసి రాయాలనుకుంటే ఒకే మ్యాటరు జిరాక్సు తీసి సంతకాలు పెట్టొద్దు. రెండొందలు పంపినా దాన్ని ఒక్క ఉత్తరంగానే లెక్కేస్తారు. 50 పైసల పోస్టుకార్డు మీద ఎవరి పద్దు వాళ్లు, ఎవరి మాటలో వాళ్లు రాస్తే వేరు. "మాది ఆలూరు. సుగరు మాత్రలు నెలకి 60 కావాల. ఆసుపత్రిలో 20 ఇచ్చినారు. తక్కినవి బయట కొన్న్యా. ఒకేసారి నెలకి సరిపోయేటన్ని ఇప్పించండి సార్." ఇంత చాలు. భాష దిద్దొద్దు, అంకెలు మాత్రం సరిచూడండి. టీబీ, హెచ్‌ఐవీ, మానసిక వైద్యం లాంటివైతే కార్డు వద్దు, కవరులో పెట్టండి. కార్డుని దారిలో ఎవరైనా చదవొచ్చు.

ముఖ్యమంత్రి సహాయ నిధి దరఖాస్తుని ఈ ఉత్తరంతో కలపకండి. అది ఒక మనిషి ఆసుపత్రి బిల్లు, దాని ఫైలు వేరు. రెండూ ఒకే కాగితంలో ఉంటే బిల్లు సంగతి చూసి తక్కినది వదిలేస్తారు. ఒరిజినల్ బిల్లులు ఇచ్చే ముందు నకళ్లు తీసి దగ్గర పెట్టుకోండి.

చేత్తో ఇచ్చేటప్పుడు రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద సీలు, తేదీ వేయించుకోండి. పోస్టులో అయితే స్పీడ్ పోస్టు. పాత రిజిస్టర్డ్ పోస్టు 2025లో అందులోనే కలిసిపోయింది. అదే కాగితాన్ని సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి అర్జీ నంబరు తీసుకోండి. నెల దాటాక రాసే రెండో ఉత్తరంలో ఆ నంబరు, మొదటి ఉత్తరం తేదీ, ఈ నెల పద్దు ఉంటే చాలు, మిగతాదంతా మళ్లీ రాయక్కర్లేదు.